కార్డులో పెరిగిన పిల్ల

2022 ఆగస్టు ఆఖరి వారంలో సౌదీలోని అభాలో ఒక భారతీయ పాఠశాలలో, బాలికల విభాగం ప్రైమరీ సెక్షన్‌కు వ్యాయామ ఉపాధ్యాయినిగా చేరాను. కాగితం మీద నా హోదా పీఈటీ. బడిలో హోదాల వరస చూస్తే పీఈటీకి కింద ఉండేది ఆయాలూ బస్సు మానిటర్లూ. పైన క్లాస్ టీచర్లు, వాళ్ళ పైన సెక్షన్ ఇన్‌ఛార్జి, ఆ పైన ప్రిన్సిపాల్, అందరి పైన మేమెవరమూ ముఖం చూడని సౌదీ యజమాని. అంతకుముందు నంద్యాలలో ఒక ప్రైవేటు హైస్కూల్లో ఇరవై రెండేళ్ళు ఇదే పని చేశాను. మా ఆయన అభాలో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్. పిల్లల బాధ్యతలు తీరాక నేనూ ఆయన దగ్గరికి వచ్చేశాను. ఆయన ఇకామా, అంటే నివాస అనుమతి, మీద డిపెండెంటుగా వచ్చినదాన్ని కాబట్టి బడి తీసిచ్చిన పర్మిట్ ఉంటేనే నేను పని చేయాలి. దాన్ని ఏడాదికోసారి రెన్యువల్ చేయించాలి. ఈ పర్మిట్ సంగతి ముందే చెప్పి పెడుతున్నాను, తర్వాత పనికొస్తుంది.

మా బడి అద్దెకు తీసుకున్న రెండు విల్లాలు. మధ్య గోడ కొట్టేసి ఒకటి చేశారు. మైదానం అంటే వాటి వెనక టైల్స్ పరిచిన పెరడు. మధ్యాహ్నం అయ్యేసరికి కొండల మీది నుంచి పొగమంచు దిగి ఆ టైల్స్ నున్నగా తడిసిపోయేవి. కొన్ని రోజులు బబూన్ కోతులు గోడెక్కి కూర్చుని పిల్లల టిఫిన్ డబ్బాల వంక చూసేవి. అభా రెండు వేల మీటర్ల ఎత్తున్న ఊరు. సెలవులకు ఇండియా పోయి వచ్చిన పిల్లలకు మొదట్లో ఆయాసం వస్తుంది. అందుకని మొదటి రెండు వారాలు వాళ్ళను పరిగెత్తించకుండా నడిపించాలి. ఇది చిన్న విషయంలాగే ఉంటుంది కానీ తెలియని పీఈటీ చేతిలో పిల్లలు కళ్ళు తిరిగి పడతారు.

వారానికి ఒక్కో సెక్షన్‌కు రెండు పీరియడ్లు. అవి కూడా కాగితం మీదే. లెక్కల టీచరుకు పోర్షన్ మిగిలితే నా పీరియడ్ తీసుకుంటుంది. సైన్సావిడకు టెస్టు పెట్టాలంటే నా పీరియడే. "ఆడుకునే పీరియడే కదా" అని నా మొహం మీదే అనేవాళ్ళు. వాన పడితే నా పీరియడ్ రద్దు, కోతులొస్తే రద్దు, ప్రిన్సిపాల్ గారి మీటింగ్ ఉంటే శబ్దం అవుతుందని రద్దు. నంద్యాలలోనూ ఈ జబ్బు ఉంది కానీ అక్కడ నోరు చేసుకుంటే సగం పీరియడ్లయినా దక్కేవి. ఇక్కడ నోరు చేసుకోవడానికి పర్మిట్ అడ్డం.

ఇప్పుడు కార్డు గురించి చెప్పాలి. మా బడిలో ప్రతి పిల్లకూ ఒక హెల్త్ కార్డు ఉండేది. ఏడాదికి రెండుసార్లు, సెప్టెంబరులోనూ ఫిబ్రవరిలోనూ, పీఈటీ ఆ పిల్ల ఎత్తూ బరువూ కొలిచి రాయాలి. ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడగలదో, పెరడు చుట్టూ ఎన్ని రౌండ్లు పోగలదో కూడా రాయాలి. చివర్లో రిమార్కు గడి. ఎత్తు కొలవడానికి ఒక పద్ధతి ఉంది. బూట్లు తీసేయాలి. మడమలు, పిరుదులు, భుజాలు గోడకు ఆనాలి. చూపు నేరుగా ఉండాలి, గడ్డం లేవకూడదు. తల మీద పుస్తకం అడ్డంగా పెట్టి గీత గీయాలి. ఒకరు కొలవాలి, ఒకరు రాయాలి. బరువు చూసేది పొద్దున, తిండికి ముందు, స్వెటర్ లేకుండా. సరిగ్గా చేస్తే పిల్లకు మూడు నిమిషాలు పడుతుంది. తొమ్మిది సెక్షన్లకు మూడు వారాలు.

చేరిన మూడో వారంలో స్టోర్ రూము తెరిపించి చూశాను. బరువు చూసే మిషను ఉంది కానీ దాని మీద ఎవరూ ఎక్కకుండానే ముల్లు మూడు కిలోలు చూపిస్తోంది. ఎత్తు చూసే కొయ్య విరిగి రెండు ముక్కలై బెంచీల కింద పడి ఉంది. ఇన్‌ఛార్జి మేడమ్‌కు చెప్పాను. ఆమె హైదరాబాదావిడ, అభాలో పదిహేనేళ్ళుగా ఉంది. నాతో ఉర్దూలో మొదలుపెట్టి ఇంగ్లీషులో ముగిస్తుంది. మేము దూదేకులవాళ్ళం, మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. నా ఉర్దూ విని ఆమె పెదవి బిగబట్టి నవ్వు ఆపుకునేది. ఆ రోజు మాత్రం నవ్వలేదు. ఎల్లుండి ముష్రిఫా వస్తోందని చెప్పింది. ముష్రిఫా అంటే విద్యాశాఖ తరఫున బడులు తనిఖీ చేసే అధికారిణి. కార్డులన్నీ నిండి ఉండాలంది. ఎట్లా మేడమ్, మిషనే లేదు అన్నాను. దానికి మిషను ఎందుకు, పోయినసారి రాసిన దానికి ఎత్తు మూడు సెంటీమీటర్లు, బరువు ఒక కిలో కలిపి రాసెయ్, నీకు ముందున్నామె కూడా అట్లే చేసింది, పిల్లలు పెరగక ఎక్కడికి పోతారు అంది.

చేశాను. రెండు రోజులు స్టాఫ్ రూములో కూర్చుని కార్డులన్నీ నింపాను. ఇంకా సిగ్గుపడాల్సిన మాట ఒకటుంది. అందరికీ మూడే కలిపితే ముష్రిఫాకు అనుమానం వస్తుందని, ఒకరికి రెండు, ఒకరికి నాలుగు, ఒకరికి మూడున్నర, ఇట్లా మార్చి మార్చి రాశాను. ఇరవై రెండేళ్ళ అనుభవం అక్కడ అక్కరకొచ్చింది. ఏ వయసు పిల్ల ఎంత పెరుగుతుందో నాకు తెలుసు కాబట్టి నా అబద్ధం అందంగా వచ్చింది. ముష్రిఫా కార్డులు తిరగేసి, బాగా పెట్టారు అని మెచ్చుకుని పోయింది. మేడమ్ నాకు కేకు పంపింది. తిన్నాను.

సెప్టెంబరులో ఆమె చెప్తే చేశాను. ఫిబ్రవరిలో ఎవరూ చెప్పలేదు. కొత్త మిషను కావాలని నేను ఇచ్చిన రెండు చీటీలూ ఆఫీసులో ఎక్కడో పడి ఉన్నాయి. పరీక్షలని నా పీరియడ్లు నెల రోజులు లాగేసుకున్నారు. మళ్ళీ పెన్ను తీసి మళ్ళీ కలిపాను. ఈ రెండోసారికి ఇన్‌ఛార్జిని తిట్టే హక్కు నాకు లేదు. అందుకే దాని మీద నా కోపం ఇంకా ఎక్కువ.

నస్రీన్ గురించి ఇప్పుడు చెప్పాలి. నేను చేరినప్పుడు ఆ పిల్ల రెండో తరగతి. తండ్రి దస్తగిరి రాయచోటి మనిషి, అభాలో ఒక కంపెనీలో జనరేటర్ల టెక్నీషియన్. తల్లి మాబున్నీ ఇంట్లోనే ఉండేది. డ్రిల్లుకు పిల్లల్ని ఎత్తు వరసలో నిలబెడతాం, పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. ఒకసారి చూపిస్తే చాలు, ఆ తర్వాత పిల్లలే ఒకరి భుజం పక్కన ఇంకొకరు భుజం పెట్టి చూసుకుని సర్దుకుంటారు. 2022 సెప్టెంబరులో నస్రీన్ వరసలో ఏడోది. మూడో తరగతికి వచ్చాక, జూన్‌లో, వేసవి సెలవులకు ముందు ఒకరోజు చూస్తే అందరికంటే ముందు నిలబడి ఉంది.

పీఈటీకి ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్తారు? వరసే చెప్తోంది. పిల్లలు భుజాలు ఆనించి చూసుకుని మరీ చెప్తున్నారు. నేనేం చేశాను? ముందు నిలబడి నా కంటబడాలని చేస్తోందనుకున్నాను. "నీ చోటు ఇది కాదు, వెనక్కి పో" అని గద్దించాను. ఆ పిల్ల పోయి ఏడో చోట నిలబడింది. ముందున్న పిల్లల తలల మీదుగా నేను కనిపించక, చేతులు ఎప్పుడు లేపాలో తెలియక, పక్క పిల్లను చూసి ఆలస్యంగా లేపేది. రెండు రౌండ్లు నడిచేసరికి గోడ పట్టుకుని కూర్చునేది. సెలవులకు కార్డులు ఇంటికి పంపేటప్పుడు దానికి నేను రిమార్కు రాశాను, ఇంకా చురుకుదనం అవసరం అని. ఆ ముక్క చదివి వాళ్ళ నాన్న ఇంట్లో ఆ పిల్లను బద్ధకం అని కోప్పడ్డాడట. నాకు తర్వాత తెలిసింది.

సెలవులయ్యాక, 2023 సెప్టెంబరులో, మాబున్నీ బడికి వచ్చింది. ఆయా ఆమెను నా దగ్గరికి పంపింది. స్టాఫ్ రూములో కూర్చోబెట్టాను. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడత పెట్టిన గౌను, నా కార్డు జిరాక్సు, ఒక పాలీక్లినిక్ చీటీ. పోయిన రంజాన్‌కు కుట్టించిన గౌను ఈ రంజాన్ నెల మొదట్లో వేసి చూస్తే ఇంకా సరిపోయిందట, పైగా నడుము దగ్గర వదులైందట. ఎందుకో మనసు ఒప్పుకోక మార్చి నెలలో క్లినిక్‌కు తీసుకుపోయారు. డాక్టరు పాత కొలతలు ఉన్నాయా అని అడిగాడు. బళ్ళో కార్డు ఉందని దస్తగిరి జిరాక్సు తెచ్చి ఇచ్చాడు. డాక్టరు ఆ గడులు చూసి, ఏడాదికి ఆరు సెంటీమీటర్లు పెరుగుతోంది, పిల్ల బాగుంది, తిండి సరిగా తినడం లేదు అంతే అని ఐరన్ టానిక్ రాసి పంపాడు. చీటీలో ఆ ముక్క రాసి ఉంది: పాఠశాల రికార్డు ప్రకారం ఎదుగుదల సంతృప్తికరం.

ఆమె గౌను బల్ల మీద పరిచింది. పక్కన కార్డు పెట్టింది.

"టీచరమ్మా, కార్డులో పెరిగింది, గౌన్లో పెరగల్యా. కొలిచింది మీరే కదా, మీరే చెప్పండి, ఏది నిజం?"

అబద్ధం చెప్పడానికి ఎన్ని దార్లు ఉన్నాయో ఆ క్షణంలో అన్నీ కనిపించాయి. మిషను పాడైందనొచ్చు. వేరే పిల్ల కొలత పడిందనొచ్చు. ఆ గౌను చూస్తూ అవేవీ అనలేకపోయాను.

"నేను కొలవలేదమ్మా" అన్నాను.

ఆమె కార్డు తన వైపు తిప్పుకుని నా అంకెల మీద వేలు పెట్టింది.

"మరి ఎట్ల రాసినారు?"

నస్రీన్‌ను క్లాసులోంచి పిలిపించాను. బూట్లు తీయించాను, గోడకు నిలబెట్టాను, తల మీద అట్లాస్ పుస్తకం పెట్టి పెన్సిలుతో గీత గీశాను. క్రాఫ్ట్ టీచరు దగ్గర కుట్టు టేపు తెప్పించి కొలిచాను. నూట పదిహేడు. మళ్ళీ కొలిచాను. నూట పదిహేడే. కార్డులో నా చేతిరాతతో నూట ఇరవై ఆరు అని ఉంది. ఒకటో తరగతిలో చేర్పించినప్పుడు క్లినిక్‌లో నిజంగా కొలిచింది నూట పద్నాలుగు. రెండున్నరేళ్ళలో ఆ పిల్ల పెరిగింది మూడు సెంటీమీటర్లు. మిగతాది నేనూ నాకు ముందున్నావిడా కలిసి పెంచినది. సాయంత్రం మా ఆయన ఆసుపత్రిలో బరువు చూపించాను. పద్దెనిమిది కిలోలు. కార్డులో ఇరవై అయిదు.

మర్నాడు పొద్దున్నే ఇన్‌ఛార్జి మేడమ్ గదికి పోయాను. కార్డులో ఉన్నవి కొలతలు కావని, అసలు కొలత ఇదని, బడి లెటర్‌హెడ్ మీద డాక్టరుకు ఒక ఉత్తరం కావాలని అడిగాను. ఆమె తలుపు వేసి రమ్మంది. తర్వాత చాలా నెమ్మదిగా మాట్లాడింది, ఆ నెమ్మదికే నాకు ఒళ్ళు మండిపోయింది. కార్డు పోయిందని చెప్పి కొత్తది ఇద్దామంది. ఇవాళ్టి కొలత ఇవాళ్టి తేదీతో రాయి, పాతవాటి జోలికి పోవద్దంది. నేను ఒప్పుకోకపోయేసరికి, ఒక్క పిల్ల కోసం బడి కార్డులన్నిటి మీదా అనుమానం తెప్పిస్తావా అంది. ఆ ఉత్తరం బయటికి పోతే ముష్రిఫా చేతిలో పడుతుందని, అప్పుడు సంతకం ఎవరిదని అడుగుతారని, సంతకం నాదేనని గుర్తు చేసింది. ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. ఆయన అటువైపు నుంచి ఒకే మాట అడిగాడు, ఆ పీఈటీ మేడమ్ పర్మిట్ రెన్యువల్ ఎప్పుడు అని. నన్నడగలేదు, ఆమెను అడిగాడు. నేను అక్కడ లేనట్టే.

వాళ్ళకు ఆ పిల్లకు ఏమైందన్న ప్రశ్నే రాలేదు. ఇప్పటికీ నన్ను కాల్చేది అదే. భయపడితే అర్థం చేసుకుంటాను, నేనూ భయపడ్డాను. కానీ ఆ గదిలో అరగంట కూర్చుంటే పిల్లకు ఏం జబ్బు అని ఒక్కరూ అడగలేదు.

లెటర్‌హెడ్ ఇవ్వలేదు. ఇంటికి పోయి తెల్లకాగితం మీద నేనే రాశాను. మా ఆయన ఇంగ్లీషు సరిచూశాడు. ఆయనది కూడా ఇకామా ఉద్యోగమే, నా గొడవ ఆయన మీదికి పోదని గ్యారంటీ లేదు. చదివి, రాయి, కానీ రాసినాక భయపడొద్దు అన్నాడు. అందులో రాసింది నాలుగు వాక్యాలే. కార్డులోని చివరి రెండు వరసలు నేను కొలవకుండా రాశాను. వాటిని లెక్కలోకి తీసుకోకండి. ఈ రోజు కొలిచిన ఎత్తు ఇది, బరువు ఇది. అంతకుముందు రెండు వరసలను కూడా నమ్మడానికి లేదు. కింద పేరు, హోదా, ఫోన్ నంబరు, సంతకం. అది తీసుకుపోయి మాబున్నీ చేతిలో పెట్టాను. దస్తగిరి ఇంట్లోనే ఉన్నాడు. నన్ను లోపలికి రమ్మనలేదు. సబబే.

ఆ ఉత్తరం చూసి క్లినిక్ డాక్టరు పెద్దాసుపత్రికి రాశాడు. రక్తపరీక్షలు, తర్వాత కడుపులోకి గొట్టం వేసి చూసే పరీక్ష అయ్యాయి. గోధుమ ఒంటికి పడని జబ్బు అని తేలింది. గోధుమ తిన్నకొద్దీ పేగులు దెబ్బతిని, తిన్నదేదీ ఒంటికి పట్టదు. మందు లేదు, గోధుమ మానేయడమే మందు. మాబున్నీ అప్పుడు ఏడ్చిందట. పిల్ల సన్నగా ఉందని, బలం వస్తుందని, ఆమె పొద్దున పాలల్లో ఖుబ్జ్ రొట్టె నానబెట్టి, రాత్రి నెయ్యి రాసిన చపాతీలు కొసరి కొసరి తినిపించింది. మార్చిలో డాక్టరు బాగుందన్నాక ఇంకొక చపాతీ ఎక్కువ పెట్టింది. ఆ ఆరు నెలల చపాతీలు నా ఫిబ్రవరి వరస చూసి పెట్టినవి.

నాకు మెమో వచ్చింది. అనుమతి లేకుండా బయటివాళ్ళకు ఉత్తరం ఇచ్చినందుకు. కొలవకుండా రాసినందుకు మాత్రం రాలేదు. అది తప్పుల జాబితాలోనే లేదు. పర్మిట్ మాత్రం రెన్యువల్ చేశారు. నా మీద ప్రేమ అనుకునేరు, అభాలో పీఈటీ అర్హత ఉన్న ఇంకో ఆడమనిషి వాళ్ళకు దొరకలేదు. ఆ మెమో చేత్తో పట్టుకుని పోయి మిషను అడిగాను. ఈసారి వారంలో కొన్నారు. నా పీరియడ్లు ఎవరికీ ఇవ్వనని స్టాఫ్ రూములో చెప్పేశాను. లెక్కల టీచరు మొహం మాడ్చుకుంది, మాడ్చుకోనీ. మూడు వారాలు తొమ్మిది సెక్షన్లూ ఒక్కో పిల్లనూ బూట్లు తీయించి గోడకు నిలబెట్టి కొలిచాను. నా తప్పు వరసల మీద ఎర్ర గీత కొట్టి, పక్కన కొలవనిది అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను.

కొలతలు అయ్యాక ఇన్‌ఛార్జి మేడమ్ కార్డులు తెప్పించుకుని చూసింది. దాదాపు అందరి కొలతలూ నేను ఊహించి రాసిన దానికి ఒకటి రెండు సెంటీమీటర్ల తేడాతో సరిపోయాయి. చూశావా కాశింబీ, అనవసరంగా రాద్ధాంతం చేశావు, నీ అంచనా అంతా కరెక్టే అని నా ముందు కార్డులు దొంతర పెట్టింది. నా అంచనాకు అందక ఆ దొంతరలోంచి వేరుగా తీసి పెట్టిన కార్డులు నా చేతిలో మూడు ఉన్నాయి. ఒకటి నస్రీన్‌ది. మిగతా ఇద్దరు పిల్లల తల్లిదండ్రులకు నేనే ఫోన్ చేశాను. ఒక పిల్లది థైరాయిడ్ అని తేలింది. ఇంకొక పిల్లకు ఏమీ లేదు, వాళ్ళ ఇంట్లో అందరూ పొట్టివాళ్ళే.

ఆమెకు చెప్పాల్సిన మాట నాకు ఆలస్యంగా తట్టింది, ఇక్కడ రాస్తున్నాను. పిల్లలు పెరగక ఎక్కడికి పోతారు అన్నది ఆమె. నిజమే, దాదాపు అందరూ పెరుగుతారు. వాళ్ళకు కార్డే అక్కర్లేదు. ఊహించి రాస్తే సరిపోని ఒకరిద్దరి కోసమే ఆ కార్డు ఉంది. ఊహించి రాసిన రోజు మనం దాచేది సరిగ్గా వాళ్ళనే. మా వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఇంతే: మిషను లేకపోతే గడి ఖాళీగా వదిలేయండి. ఖాళీ గడి చూస్తే డాక్టరు కనీసం టేపు తెప్పిస్తాడు.

2025లో మా ఆయన సర్వీసు అయిపోయి ఫైనల్ ఎగ్జిట్ వీసా మీద నంద్యాల వచ్చేశాం. అప్పటికి నస్రీన్ వరసలో నాలుగో చోటుకు వచ్చింది. ఈసారి దాని భుజమే దాన్ని వెనక్కి పంపింది, నేను కాదు. ఏడో చోటుకు ఇంకా రాలేదు. పోయిన కాలం పోయినట్టేనని, కొంతే తిరిగి వస్తుందని డాక్టరు వాళ్ళకు ముందే చెప్పాడు.

ఆ స్టాఫ్ రూములో, ఎట్ల రాసినారు అని మాబున్నీ అడిగిన ప్రశ్నకు జవాబు ఆమెకు ఇవ్వలేదు కానీ నాకు తెలుసు. నీలం పెన్నుతో, గుండ్రటి అంకెలతో, ఎవరికీ అనుమానం రాకూడదని ఒక్కో పిల్లకు ఒక్కో రకంగా మార్చి రాశాను. నస్రీన్‌కు రెండుసార్లూ మూడే కలిపాను.